వెబ్ సర్వర్‌కి పాస్‌వర్డ్ కాపలా: ఎవరికి ఏది సరిపోతుంది

ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి మార్కులు చూపించే పేజీ ఉంటుంది. పోర్టు చుట్టుపక్కల కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసుకి షిప్పింగ్ బిల్లుల స్కాన్ కాపీలు దాచుకునే సర్వర్ ఉంటుంది. రుషికొండ ఐటీ హిల్స్‌లో నలుగురైదుగురు ఉన్న టీమ్‌కి, క్లయింట్‌కి చూపించడానికి పెట్టిన టెస్ట్ సైట్ ఉంటుంది. అందరూ అడిగేది ఒకటే: "దీనికి పాస్‌వర్డ్ పెట్టాలండీ, ఏ పద్ధతి గట్టిది?"

విశాఖలో ఇలాంటి చిన్న సంస్థల సర్వర్లు చూసుకునే పని నాది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పేముందు నేనొకటి అడుగుతాను. మీ దగ్గర పాస్‌వర్డ్ తెలిసిన మనిషి రేపు ఉద్యోగం మానేస్తే, ఎల్లుండి అతను లోపలికి రాకుండా ఏం చేస్తారు? ఎవరు చేస్తారు? ఎంతసేపు పడుతుంది? పద్ధతుల మధ్య అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. గట్టిదనం మాటకొస్తే, సరిగ్గా పెట్టుకుంటే ఒక్కటి తప్ప మిగతావన్నీ పనికొచ్చేవే.

"అడ్రస్ ఎవరికీ చెప్పలేదు కదండీ, ఇంక పాస్‌వర్డ్ ఎందుకు?" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. టెస్ట్ సైట్ కోసం ఒక సబ్‌డొమైన్ పెట్టి, దానికి సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగుల్లోకి ఎక్కుతుంది. అవి ఎవరైనా చదువుకోగలిగే పబ్లిక్ రికార్డులు. కొత్త పేర్ల కోసం వాటినే కనిపెట్టుకుని కూర్చునే బాట్లు (తమంతట తామే నెట్ వెతికే ప్రోగ్రాములు) ఉన్నాయి. రోబోట్స్ ఫైల్లో "ఇటు రావద్దు" అని రాయడం కూడా బతిమాలడమే. వినాలన్న రూలేమీ లేదు, పైగా దాచాలనుకున్న ఫోల్డర్ పేరు మనమే రాసిచ్చినట్టవుతుంది.

బేసిక్ ఆథెంటికేషన్

వెబ్ సర్వరే స్వయంగా పాస్‌వర్డ్ అడిగే పద్ధతి ఇది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ఉంది. పేజీ కావాలంటే సర్వర్ 401 అని జవాబిస్తుంది, బ్రౌజర్ చిన్న పెట్టె చూపిస్తుంది, మనం పేరూ పాస్‌వర్డూ కొడతాం. బ్రౌజర్ ఆ రెండిటి మధ్య కోలన్ పెట్టి, బేస్64లోకి మార్చి పంపుతుంది. బేస్64 అంటే అక్షరాలకు వేషం మార్చడమే, ఎవరైనా ఒక్క క్షణంలో వెనక్కి మార్చుకోవచ్చు. పైగా అది ఒక్కసారితో ఆగదు. పేజీతో పాటు ప్రతి బొమ్మకీ, ప్రతి స్టైల్ ఫైలుకీ మళ్లీ మళ్లీ వెళుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవలేకుండా గుప్తంగా పంపే పద్ధతి) లేకుండా దీన్ని వాడకూడదని చెప్పేది ఇందుకే. దానికి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఉచితంగానే వస్తున్నాయి కాబట్టి ఖర్చు అన్న సాకు కూడా ఇప్పుడు లేదు.

హెచ్‌టీటీపీఎస్ పెట్టాం కదా అని ఊరుకోవడానికీ లేదు. చాలా సర్వర్లలో మామూలు హెచ్‌టీటీపీ వచ్చే 80 పోర్ట్ కూడా తెరిచే ఉంటుంది. అక్కడ కూడా పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ ఉండి, ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తుంటే, మొదటిసారి కొట్టిన పాస్‌వర్డ్ బట్టబయలుగా వెళ్లిపోయినట్టే. 80 పోర్ట్‌కి ఒకటే పని ఉండాలి: వచ్చినవాణ్ణి హెచ్‌టీటీపీఎస్ నడిచే 443కి పంపేయడం. సర్టిఫికెట్ రెన్యువల్ కోసం వెల్‌నోన్ అనే ఫోల్డర్ కింద ఉండే ఏసీఎంఈ ఛాలెంజ్ దారిని మాత్రం పాస్‌వర్డ్ లేకుండా వదిలేయాలి. అది మరిచిపోతే అన్నీ బాగానే నడుస్తున్నట్టు కనిపించి, రెన్యువల్ టైమ్‌కి సైట్ ఎర్రబడుతుంది.

దీని మంచితనం ఒక్క మాటలో చెప్పొచ్చు. పాస్‌వర్డ్ తెలియనివాడు మీ అప్లికేషన్ దాకా చేరలేడు. లోపల నడుస్తున్నది పాత పీహెచ్‌పీ కోడ్ అయినా, ప్లగిన్‌లో కంత ఉన్నా, ఆ కోడ్ ఒక్క లైను నడవకముందే సర్వర్ వాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తుంది. మన ఊళ్లో చిన్న ఆఫీసుల్లో ఎవరో ఎప్పుడో రాసిచ్చిన సాఫ్ట్‌వేర్లు చాలానే నడుస్తున్నాయి. రాసినవాళ్లు బెంగళూరో, హైదరాబాదో వెళ్లిపోయుంటారు. అలాంటివాటి ముందు బేసిక్ ఆథ్ పెట్టడం ఒక పూట పని, లాభం మాత్రం చాలా ఎక్కువ.

చెడ్డతనం చెప్పాలంటే కొంచెం ఎక్కువే ఉంది. లాగౌట్ లేదు. ఒకసారి కొట్టిన పాస్‌వర్డ్‌ని బ్రౌజర్ పూర్తిగా మూసేదాకా గుర్తుపెట్టుకుంటుంది. షిఫ్టుల్లో ఇద్దరు ముగ్గురు ఒకే కంప్యూటర్ మీద కూర్చునే ఆఫీసులో దీనితో రోజూ గొడవే. పగటి షిఫ్ట్ అబ్బాయి పేరు మీద రాత్రి షిఫ్ట్ అబ్బాయి పని నడిచిపోతుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెచ్చుకునే దారి లేదు. ఓటీపీ లాంటి రెండో మెట్టు లేదు. తప్పు పాస్‌వర్డ్ వెయ్యిసార్లు కొట్టినా సర్వర్ విసుక్కోదు. ఈ చివరిదానికి మందుంది. పదేపదే తప్పు కొట్టే ఐపీని ఆపేసే ఫెయిల్2బ్యాన్ పెట్టుకోవచ్చు, మీ వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే రిక్వెస్టుల వేగానికి కళ్లెం వేసే లిమిట్ రిక్ సెట్టింగ్ వాడుకోవచ్చు. పాస్‌వర్డ్ సరిచూడకముందే ఆ లెక్క చూస్తుంది కాబట్టి అది ఇక్కడ బాగానే పనిచేస్తుంది. మిగతావాటికి మందు లేదు, ఆ పద్ధతి స్వభావమే అంత.

పాస్‌వర్డ్ ఫైలు

పేర్లూ హ్యాష్‌లూ (పాస్‌వర్డ్‌ని వెనక్కి మార్చలేని రూపంలోకి తిప్పినవి) ఉండే ఫైలుని హెచ్‌టీపాస్‌వర్డ్ అనే చిన్న టూల్‌తో తయారుచేస్తాం. ఉబుంటు, డెబియన్‌లలో అపాచీ2 యుటిల్స్ ప్యాకేజీతో, రెడ్ హ్యాట్ వైపు హెచ్‌టీటీపీడీ టూల్స్ ప్యాకేజీతో వస్తుంది. ఇందులో చిన్న సి ఆప్షన్ అంటే కొత్త ఫైలు సృష్టించమని. పాత ఫైలు ఉంటే అడగకుండా దాన్ని తుడిచేసి కొత్తది రాస్తుంది. మొదటి మనిషిని చేర్చినప్పుడు వాడిన కమాండ్‌నే రెండో మనిషికీ కాపీ చేస్తే మొదటివాడు మాయం. చిన్న బి ఆప్షన్‌తో పాస్‌వర్డ్‌ని కమాండ్‌లోనే ఇచ్చేయొచ్చు కానీ అది షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది. టూల్ అడిగినప్పుడు కొట్టడమే మేలు.

పెద్ద బి ఆప్షన్ ఇస్తే బీక్రిప్ట్ అనే గట్టి రకం హ్యాష్ వాడుతుంది. ఏమీ చెప్పకపోతే అపాచీ వెబ్ సర్వర్ సొంత ఎండీ5 రకం. అది వెయ్యిసార్లు తిప్పి చేసే హ్యాష్, ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులకు వెయ్యి అనేది లెక్కే కాదు. ఇంకా పాత క్రిప్ట్ రకం అయితే మొదటి ఎనిమిది అక్షరాలే చూస్తుంది, మిగతా పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా దండగ. కాబట్టి బీక్రిప్ట్ పెట్టండి. ఈ టూల్‌లో దాని కాస్ట్ (హ్యాష్‌కి ఎంత శ్రమపడాలో చెప్పే అంకె) డిఫాల్ట్‌గా 5 మాత్రమే. ఒక్కో అంకె పెరిగితే పని రెట్టింపవుతుంది. 5 నుంచి 10కి వెళితే 32 రెట్లు. అలాగని 14, 15 పెట్టేయకండి. ఇందాక చెప్పినట్టు పాస్‌వర్డ్ ప్రతి రిక్వెస్ట్‌కీ వస్తుంది, ప్రతిసారీ సర్వర్ బీక్రిప్ట్ లెక్క మళ్లీ చేయాలి. ముప్పై బొమ్మలున్న పేజీ తెరిస్తే చిన్న వీపీఎస్‌కి (అద్దె సర్వర్‌కి) ఆయాసం వస్తుంది. ఆ దెబ్బ తగ్గించడానికి అపాచీలో లాగిన్ వివరాలను కాసేపు దాచుకునే సోక్యాష్ అనే మాడ్యూల్ ఉంది. నేను సాధారణంగా 10 దగ్గర ఆగిపోతాను.

పాస్‌వర్డ్ తెలుగు లిపిలో పెట్టుకుందామన్న ఉత్సాహం ఉన్నవాళ్లకి ఒక మాట. బీక్రిప్ట్ 72 బైట్లు దాటి చూడదు. యూటీఎఫ్8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. అంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి 24 గుర్తులే లెక్కలోకి వస్తాయి. దానికి తోడు పాత క్లయింట్లు ఆ అక్షరాలను వేరే ఎన్‌కోడింగ్‌లో పంపే ప్రమాదం ఉంది. తెలుగు మాటలే వాడండి, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు చాలు. వైజాగ్ అని రాసి, ఎట్ గుర్తు పెట్టి, 123 తగిలించే అలవాటు మాత్రం మానుకోవాలి. ఈ ఊరి సర్వర్ మీద చేయి వేసేవాడు మొదట కొట్టి చూసేవాటిలో అదొకటి. సింహాద్రి, అప్పన్న పేర్లదీ అదే పరిస్థితి.

అన్నిటికంటే ముఖ్యం, మనిషికో పేరు పెట్టడం. ఆఫీస్ అని ఒక యూజర్ పెట్టి అందరికీ ఒకే పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపేస్తుంటారు. అప్పుడు ఒక్కరు మానేసినా పాస్‌వర్డ్ మార్చి మిగతా అందరికీ మళ్లీ చెప్పాలి. ఆ చిరాకుకి జడిసి ఎవరూ మార్చరు. మనిషికో పేరుంటే పెద్ద డి ఆప్షన్‌తో ఒక్క లైను తీసేస్తే సరి. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ రెండూ ఈ ఫైలుని రిక్వెస్ట్ వచ్చినప్పుడే చదువుతాయి కాబట్టి సర్వర్ రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, సోక్యాష్ పెట్టుకోకపోతే ఆ క్షణం నుంచే దారి మూసుకుంటుంది. లాగులో కూడా ఎవరు వచ్చారో పేరుతో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లోగా చెప్పాలి. అన్ని లైన్లలోనూ ఆఫీస్ అనే ఉంటే ఆ లాగుతో ఏం తేల్చగలరు?

అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్, కాడీ

బేసిక్ ఆథ్ ఈ మూడు వెబ్ సర్వర్లలోనూ ఉంది, కానీ మోసం చేసే చోటు ఒక్కోదానిలో ఒక్కోటి.

అపాచీలో హెచ్‌టీయాక్సెస్ ఫైలు (ఆ ఫోల్డర్ సెట్టింగులు రాసుకునేది) ఫోల్డర్‌లో పెట్టేస్తే చాలనుకుంటారు. ఉబుంటులో వర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌కి అలౌ ఓవర్‌రైడ్ అనేది డిఫాల్ట్‌గా నన్ అని ఉంటుంది. అంటే ఆ ఫైలుని సర్వర్ చదవనే చదవదు. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరించదు, పేజీ మామూలుగా తెరుచుకుంటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో అయితే దీనికి వేరే దారి లేదు. సీప్యానెల్‌లో డైరెక్టరీ ప్రైవసీ అన్న బటన్ ఈ పనే చేస్తుంది, అక్కడ అన్నీ సిద్ధంగా ఉంటాయి. సర్వర్ మీ చేతిలో ఉంటే మాత్రం ఆథ్ లైన్లను మెయిన్ కాన్ఫిగ్‌లో డైరెక్టరీ బ్లాక్ కింద రాయండి. అపాచీ ప్రతి రిక్వెస్ట్‌కీ ఫోల్డర్లన్నీ వెతికే పని తప్పుతుంది, వెబ్‌సైట్ ఫైళ్లలో ఎవరో చేయిపెట్టి కాపలా తీసేసే అవకాశమూ పోతుంది.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆథ్ బేసిక్ అని ఒక లైను, యూజర్ ఫైలు దారి ఒక లైను, అంతే. చూడ్డానికి అన్నిటికంటే తేలిక. అసలు తిరకాసు లొకేషన్ బ్లాకుల (ఏ అడ్రస్‌కి ఏ సెట్టింగో చెప్పే భాగాల) దగ్గర ఉంది. అడ్మిన్ అన్న లొకేషన్‌కి పాస్‌వర్డ్ పెట్టారనుకోండి. అదే సర్వర్ బ్లాకులో డాట్ పీహెచ్‌పీతో ముగిసే అన్నిటినీ పీహెచ్‌పీకి పంపే రెజెక్స్ (అడ్రస్‌ని నమూనాతో పోల్చే) లొకేషన్ ఇంకోటి ఉంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగాన్ని చూసే) లొకేషన్ కంటే రెజెక్స్‌కే పెద్దపీట వేస్తుంది. ఫలితం ఏమిటంటే, అడ్మిన్ ఫోల్డర్ అడ్రస్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు సంతోషించి టెస్ట్ ముగిస్తారు. అదే ఫోల్డర్‌లోని ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీని నేరుగా కొట్టినవాడికి ఏ అడ్డూ ఉండదు. తాళం వేసితిమి, గొళ్లెం మరిచితిమి అన్నది దీన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. అడ్మిన్ లొకేషన్ ముందు టోపీ గుర్తు, టిల్డే గుర్తు కలిపి పెట్టి, పీహెచ్‌పీ లొకేషన్‌ని దాని లోపలే మళ్లీ రాస్తే సరిపోతుంది. లోపలి బ్లాకుకి పాస్‌వర్డ్ తనంతట తనే వర్తిస్తుంది. కుదిరితే సర్వర్ బ్లాకు మొత్తానికే పాస్‌వర్డ్ పెట్టి, అక్కర్లేని చోట మాత్రం ఆఫ్ అని రాసుకోవడం ఇంకా నయం. మరిచిపోతే మూసి ఉంటుంది గానీ తెరిచి ఉండదు.

అపాచీ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కి సైట్ మార్చేవాళ్లు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లను ఎన్‌జిన్‌ఎక్స్ పట్టించుకోదు, కాబట్టి పాత కాపలా మొత్తం ఆ రోజుతో పోయినట్టే. పైగా హెచ్‌టీ పేరుతో మొదలయ్యే ఫైళ్లను బయటికి ఇవ్వకుండా అపాచీ మామూలుగానే ఆపుతుంది, ఎన్‌జిన్‌ఎక్స్ మనం చెబితేనే ఆపుతుంది. వెబ్ ఫోల్డర్‌లోనే పాస్‌వర్డ్ ఫైలు ఉండిపోతే అది కూడా డౌన్‌లోడ్ అయిపోతుంది. ఆ ఫైలుని మొదటి నుంచీ వెబ్ ఫోల్డర్ బయటే ఉంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఇంకొకటి: బీక్రిప్ట్ హ్యాష్‌ని సరిచూడటానికి ఎన్‌జిన్‌ఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడుతుంది. కొత్త ఉబుంటు, డెబియన్‌లలో ఇబ్బంది లేదు. పాత మెషీన్ మీద సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో షా512 హ్యాష్ చేసి పెట్టండి.

కాడీ వీటికంటే చిన్నవాడు, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు చెప్పేది దీని పేరే. సర్టిఫికెట్ తనే తెచ్చుకుంటుంది, తనే రెన్యువల్ చేసుకుంటుంది, 80 నుంచి 443కి తనే మళ్లిస్తుంది. పాస్‌వర్డ్‌ని మామూలుగా రాస్తే ఒప్పుకోదు, హ్యాష్ చేసే ఇవ్వాలి. ఇందాక చెప్పిన గోతుల్లో సగం ఇందులో అసలు లేవు. ఒక్క తేడా ఏమిటంటే పేర్లు కాన్ఫిగ్‌లోనే ఉంటాయి కాబట్టి మనిషిని తీసేశాక రీలోడ్ చేయాలి.

డైజెస్ట్ సంగతి

"పాస్‌వర్డ్ నెట్ మీద వెళ్లదట కదా" అని ఎవరో ఒకరు డైజెస్ట్ ఆథెంటికేషన్ పేరెత్తుతారు. మొదట్లో ఒక్కటి తప్ప అన్నది దీని గురించే. హెచ్‌టీటీపీఎస్ అరుదుగా ఉన్న రోజుల్లో దానికి అర్థం ఉంది. అపాచీలోని డైజెస్ట్ ఇప్పటికీ ఎండీ5 మీదే నడుస్తుంది, బీక్రిప్ట్ పెట్టడానికి వీల్లేదు. సర్వర్‌లో దాచే హ్యాష్ ఎవరి చేతికైనా చిక్కితే దాన్ని ఛేదించే శ్రమ కూడా అక్కర్లేదు, ఆ హ్యాష్‌తోనే లోపలికి రావచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే దీన్ని తనతో తీసుకురానేలేదు. వదిలేయండి.

అప్లికేషన్‌లోనే లాగిన్

వచ్చేవాళ్లు బయటివాళ్లయితే, అంటే విద్యార్థులు, తల్లిదండ్రులు, కస్టమర్లు అయితే, బ్రౌజర్ పెట్టె చూపించి ప్రయోజనం లేదు. ఆ బూడిద రంగు పెట్టె చూసి ఏదో వైరస్ అనుకుని ఫోన్ చేసేవాళ్లున్నారు. వాళ్లకి తెలుగులో రాసిన లాగిన్ పేజీ, పాస్‌వర్డ్ మరిచిపోతే దారి, లాగౌట్ బటన్, వీలైతే ఓటీపీ కావాలి. ఇవన్నీ అప్లికేషన్ పనులు.

సొంతంగా రాయకండి, ఇది నా గట్టి అభిప్రాయం. పీహెచ్‌పీలో 2013లో వచ్చిన 5.5 నుంచీ పాస్‌వర్డ్ హ్యాష్ అనే ఫంక్షన్ ఉంది. జాంగో, లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్కుల్లో లాగిన్ మొత్తం రెడీగా ఉంటుంది. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ యథాతథంగా దాచిన సాఫ్ట్‌వేర్‌ని మీకు ఎవరైనా అమ్మచూపితే, ధర ఎంత తక్కువైనా వద్దనండి. విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, మార్కులు ఉన్నాయంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీ గుమ్మంలోనే ఉంది. తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చని అందులో రాసుంది. కోచింగ్ సెంటర్‌కి అంత వేస్తారని చెప్పను గానీ, మాకు వర్తించదు అనుకునే రోజులు పోయాయి.

ఈ పద్ధతిలో అందరూ పడే గొయ్యి అప్‌లోడ్స్ ఫోల్డర్. లాగిన్ పేజీ పక్కాగా ఉంటుంది. లోపలికి వెళితే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కనిపిస్తాయి. కానీ ఆ పీడీఎఫ్ లింక్‌ని కాపీ చేసి లాగిన్ లేని ఫోన్‌లో తెరిస్తే అది కూడా తెరుచుకుంటుంది. కారణం ఏమిటంటే, పీహెచ్‌పీ పేజీకి లాగిన్ అడిగేది అప్లికేషన్, పీడీఎఫ్‌ని ఇచ్చేది నేరుగా వెబ్ సర్వర్. సర్వర్‌కి మీ లాగిన్ సంగతే తెలియదు. ఫైల్ పేర్లు 1001, 1002 అని వరసలో ఉంటే ఇంక చెప్పనక్కర్లేదు. ఫైళ్లను వెబ్ ఫోల్డర్ బయట పెట్టి, లాగిన్ చూశాక అప్లికేషనే సర్వర్‌కి ఈ ఫైలు ఇవ్వు అని చెప్పేలా చేయాలి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో యాక్సెల్ రీడైరెక్ట్, అపాచీలో ఎక్స్ సెండ్‌ఫైల్ మాడ్యూల్ ఉన్నవి ఇందుకే.

వర్డ్‌ప్రెస్ వాళ్లు లాగిన్ పేజీ ముందు బేసిక్ ఆథ్ కూడా తగిలించి రెండు కాపలాలు పెడుతుంటారు. ఊరికే తలుపు తట్టే బాట్ల బెడద దీనితో బాగా తగ్గుతుంది. అడ్మిన్ ఫోల్డర్ మొత్తానికి పెడితే మాత్రం అడ్మిన్ అజాక్స్ అనే ఫైలుని మినహాయించాలి, బయటి పేజీల్లోని ఫారాలు దాని మీదే నడుస్తుంటాయి. ఇంకో ఘర్షణ ఉంది. 2020లో వర్డ్‌ప్రెస్ 5.6తో వచ్చిన అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు కూడా బేసిక్ ఆథ్ రూపంలోనే వస్తాయి. సర్వర్‌ది, వర్డ్‌ప్రెస్‌ది రెండూ ఒకే ఆథరైజేషన్ హెడర్‌లో పట్టవు. అదే హెడర్‌లో బేరర్ టోకెన్ పంపే ఏ ఏపీఐకైనా (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారికైనా) ఇదే గొడవ. ఏపీఐ ఉన్న దారికి సర్వర్ పాస్‌వర్డ్ పెట్టకండి.

బయటి గేటు

మీ ఆఫీసులో అందరికీ గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ మెయిల్ ఉంటే, ఆ లాగిన్‌నే సర్వర్ ముందు కూర్చోబెట్టొచ్చు. ఓఆథ్2 ప్రాక్సీ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని ఎన్‌జిన్‌ఎక్స్‌లోని ఆథ్ రిక్వెస్ట్‌తో కలపడం ఒక దారి. సొంతంగా అన్నీ నడుపుకోవాలంటే కీక్లోక్ అనే లాగిన్ సర్వర్ ఉంది, కానీ ముగ్గురున్న ఆఫీసుకి అది మోయలేని బరువు. క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్‌ని 50 మంది దాకా ఉచితంగా వాడుకోవచ్చు, పెట్టుకోవడం కూడా తేలిక.

మనిషి మానేసిన రోజు లెక్కలో గెలిచేది ఇదే. మెయిల్ అకౌంట్ ఆపేస్తే దాని వెనక ఉన్న అన్ని సర్వర్ల దారులూ ఒకేసారి మూసుకుంటాయి, రెండో మెట్టు ఓటీపీ కూడా వాళ్లే చూసుకుంటారు. కానీ "ఒకేసారి" అన్నదాంట్లో చిన్న మెలిక ఉంది. ఓఆథ్2 ప్రాక్సీ ఇచ్చే కుకీ (లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే చీటీ) డిఫాల్ట్‌గా 168 గంటలు బతుకుతుంది, మధ్యలో మళ్లీ సరిచూసే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది. అకౌంట్ పోయినా పాత కుకీతో వారం దాకా తిరగొచ్చన్నమాట. ఆ రెండు సెట్టింగులూ మార్చుకోండి.

గేటు బయట పెట్టినప్పుడు పెరటి గోడ కూడా చూడాలి. సర్వర్ అసలు ఐపీ అడ్రస్ తెలిసినవాడు గేటుని తప్పించుకుని నేరుగా రాగలిగితే ఇదంతా వృథా. ఫైర్‌వాల్‌లో గేటు నుంచి వచ్చేవాటినే ఒప్పుకోవాలి, లేదా సర్వరే బయటికి కనెక్ట్ అయ్యే టనెల్ వాడాలి.

ఐపీని బట్టి, వీపీఎన్‌ని బట్టి

ఆఫీసు ఐపీ నుంచి వస్తే పాస్‌వర్డ్ అక్కర్లేదు, బయట నుంచి వస్తేనే అడుగు అని పెట్టొచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో సాటిస్ఫై ఎనీ, అపాచీలో రిక్వైర్ ఎనీ. స్టాటిక్ ఐపీ కొనుక్కున్న ఆఫీసుకి సుఖంగానే ఉంటుంది. ప్రాక్సీ వెనక ఉన్న సర్వర్‌కి మాత్రం వచ్చినవాళ్లందరి ఐపీ ఆ ప్రాక్సీదే అవుతుంది. ప్రాక్సీ అదే మెషీన్ మీద ఉండి, లోకల్ ఐపీకి మినహాయింపు ఇచ్చుంటే ప్రపంచం మొత్తానికీ ఇచ్చినట్టే.

పాస్‌వర్డ్ అసలు లేకుండా ఆఫీసు ఐపీకి మాత్రమే తెరవడం ఈ ఊళ్లో నేను చేయను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ నెట్టూ ఎలా పోయాయో చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. తుఫాను టైమ్‌లో ఎవరో అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో ఫోన్ హాట్‌స్పాట్ మీద లోపలికి రావాల్సి వస్తుంది, అప్పుడు ఆ ఐపీ మీ జాబితాలో ఉండదు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు కాబట్టి దాన్ని జాబితాలో చేర్చడమూ తప్పే. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే గుప్త దారి) ఈ పనికి మేలు. మనిషికో కీ ఇస్తాం, మానేస్తే ఆ కీ తీసేస్తాం. డేటాబేస్ అడ్మిన్ పేజీలు, సీసీటీవీ డబ్బాలు, రూటర్ సెట్టింగులు ఇవన్నీ వీపీఎన్ వెనకే ఉండాలి. పాస్‌వర్డ్ ఎంత గొప్పదైనా సరే, నెట్ మీద వాటికి పనిలేదు.

మరి ఎవరికి ఏది

రుషికొండ టీమ్ టెస్ట్ సైట్‌కి బేసిక్ ఆథ్ చాలు. కాడీ లేదా ఎన్‌జిన్‌ఎక్స్, బీక్రిప్ట్, టీమ్‌లో మనిషికో పేరు, క్లయింట్‌కి ఇంకో పేరు. ప్రాజెక్ట్ అయిపోగానే క్లయింట్ పేరు తీసేయండి.

కోచింగ్ సెంటర్‌లో విద్యార్థులకి అప్లికేషన్ లాగిన్, ఓటీపీతో. మార్కులు ఎక్కించే సిబ్బంది పేజీ ముందు మాత్రం అదనంగా బేసిక్ ఆథ్ పెట్టొచ్చు. అక్కడికి వెళ్లేది నలుగురే.

క్లియరింగ్ ఆఫీసుది కాస్త ఆలోచించాల్సిన విషయం. జనం పది మంది లోపే ఉన్నా, పోర్టులో, సీఎఫ్‌ఎస్‌లో (కంటైనర్ సరుకు గోదాములో), కస్టమ్స్ హౌస్‌లో తిరుగుతూ ఫోన్‌లో చూస్తారు, షేర్డ్ కంప్యూటర్లు వాడతారు, మనుషులు కూడా తరచూ మారతారు. వీళ్లకి నా ఓటు గూగుల్ లాగిన్ గేటుకే. మెయిల్ అకౌంట్లకి నెలనెలా డబ్బు కట్టడం ఇష్టంలేని యజమాని అయితే బేసిక్ ఆథ్‌తోనే సరిపెట్టుకోవచ్చు. కానీ ఉద్యోగి ఆఖరి జీతం చేతికిచ్చే రోజే ఫైల్లోంచి ఆ పేరు తీసే పని అకౌంట్స్‌వాళ్ల చెక్‌లిస్టులో రాయించాలి. సర్వర్ చూసేవాడికి ఆ కబురు ఆఖర్న అందుతుంది.

ఏది పెట్టినా, పెట్టాక బ్రౌజర్‌తో టెస్ట్ చేయకండి, అది పాత పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని మిమ్మల్ని నమ్మిస్తుంది. బ్రౌజర్ లేకుండా పేజీని అడిగే కర్ల్ కమాండ్‌తో, మీ ఆఫీసు నెట్ కాకుండా ఫోన్ డేటా మీద, ఐదు అడ్రస్‌లు అడిగి చూడండి: మెయిన్ పేజీ, లోపలి ఒక పీహెచ్‌పీ ఫైలు నేరుగా, ఒక బొమ్మ లేదా పీడీఎఫ్ నేరుగా, 80 పోర్ట్, సర్వర్ ఐపీ. బేసిక్ ఆథ్ అయితే 401 రావాలి, గేటు అయితే లాగిన్‌కి మళ్లించాలి, 80 పోర్ట్ అయితే హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లింపు మాత్రమే కనిపించాలి. 200 వచ్చిందంటే ఆ దారి తెరిచే ఉంది. 500 వస్తే చాలావరకు పాస్‌వర్డ్ ఫైలుని చదివే పర్మిషన్ సర్వర్‌కి లేదు. పాస్‌వర్డ్ అడిగి, సరైనది కొట్టాక ఎన్‌జిన్‌ఎక్స్ 403 ఇస్తుంటే ఆ ఫైలు మీరు రాసిన దారిలో లేదేమో చూసుకోండి.